తేలంటే రాయి

చంద్రపూర్‌లో స్నేహలత తాయి, అంటే స్నేహలతక్క, నడిపే మాంటిస్సోరి బడికి వెళ్లి సమ్మక్క ఎక్కడుందని అడిగితే తెల్లమొహాలు వేస్తారు. మావశి ఎక్కడుందని అడిగితే మూడేళ్ల బుడతడు కూడా పెరటి వైపు వేలు చూపిస్తాడు. ఆ ఊళ్లో బడి ఆయాను మావశి అంటారు. మావశి అంటే మరాఠీలో పిన్ని. జీతం ఆయాది, పిలుపు పిన్నిది. సమ్మక్కకు అక్క లేదు, మొగుడికి అన్న లేడు, కాబట్టి ఆమెను పిన్నీ అని పిలవాల్సినవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు. ఇప్పుడు నలభై ఇద్దరున్నారు. వాళ్లలో సగం మందికి ముక్కు తుడుచుకోవడం ఆమే నేర్పింది.

ఆమె పుట్టింది ఆసిఫాబాద్ దగ్గరి పల్లెలో. చిన్నయ్యను పెళ్లి చేసుకుని చంద్రపూర్ పక్కన బొగ్గుగని కాలనీకి వచ్చేనాటికి ఇరవై ఏళ్లు. చిన్నయ్య గనిలో నీళ్లు తోడే పంపు నడిపేవాడు. రెండు గదుల క్వార్టరు చూసి కొత్త పెళ్లికూతురు మూతి ముడిచింది. వెనకాల నాలుగు బారల మట్టి నేల చూసి ముడిచిన మూతి విప్పింది. ఆ సాయంత్రమే పుంటికూర, అంటే గోంగూర, గింజలు చల్లింది.

నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్ కాస్ట్ గని సంగతి తెలిసిందే. ఒకచోట కుదురుగా ఉండదు, పక్కకు జరుగుతూనే ఉంటుంది. ఏడేళ్లకు అది కాలనీ వైపు జరిగి ఇళ్లు ఖాళీ చేయమంది. సమ్మక్క మునగ చెట్టునుంచి ఒక కొమ్మ నరికి, మైదాకు అనే గోరింట మొక్కను వేళ్లతో సహా తవ్వి, కల్యామాకు అనే కరివేపాకు పిలకలను గోనెసంచిలో కట్టి లారీ ఎక్కించింది. రెండో క్వార్టరు దగ్గర పన్నెండేళ్లు గడిచాయి. పెరడు మళ్లీ పచ్చబడింది. ఈసారి గని రాలేదు గానీ, గనిలోంచి తీసిన మట్టి గుట్టగా పెరుగుతూ పెరుగుతూ వాళ్ల గోడ దాకా వచ్చింది. మళ్లీ లారీ, మళ్లీ గోనెసంచి. రెండుసార్లూ చిన్నయ్య డ్రైవరు పక్కన మునగ కొమ్మను ఒళ్లో నిలబెట్టుకుని, పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు.

మూడో క్వార్టరుకు కూడా రెండేళ్ల కిందట కబురొచ్చింది. మూడో దసరా రాకముందే వెళ్లిపోవాలి. ఆ పూట సమ్మక్క అన్నం ముట్టలేదు.

"మనుషులం ఏడికి పొమ్మంటే ఆడికి పోతం. చెట్లను మాత్రం నేను మల్ల పీక. గవి ఏం పాపం చేసినయ్?" అంది.

"పీకకపోతే బుల్‌డోజర్ పీకుతది. మరి ఏడ పెడ్తవే?" అన్నాడు చిన్నయ్య.

"తెల్వదు."

తెలియదు అన్నది గానీ, మర్నాడు బడిలో గచ్చు తుడుస్తూ కిటికీలోంచి పెరడు చూసినప్పుడు ఆమెకు తెలిసిపోయింది.

ఆ పెరటికీ ఒక కథ ఉంది. స్నేహలత తాయి పుణెలో వారం రోజుల శిక్షణకు వెళ్లి వచ్చింది. పిల్లలు మట్టి ముట్టుకోవాలి, ఆకును నాలుగు గోడల మధ్య బొమ్మలో కాదు, చెట్టు మీద చూడాలి అని అక్కడ చెప్పారట. తాయి మనసున్న మనిషి, విన్నది వెంటనే చేస్తుంది. పన్నెండు ప్లాస్టిక్ కుండీలు తెచ్చి పెరట్లో వరుసగా పెట్టింది. పిల్లలు చిన్న చిన్న క్యాన్లతో నీళ్లు పోశారు. ఏప్రిల్ పదో తారీఖుకల్లా పన్నెండు మొక్కలూ మాడిపోయాయి. చంద్రపూర్ ఎండ సంగతి పుణె వాళ్లకేం తెలుసు?

తాయి ఆ ఎండిన పుల్లల ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే సమ్మక్క చీపురు పక్కన పెట్టింది.

"తాయీ, కుండీ అంటే చెప్పులాంటిది. ఇరుకైతే కరుస్తుంది. నేల మీద నాటుదాం. మొక్కలు నా దగ్గర ఉన్నాయి," అంది. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది మరాఠీలోనే. మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

అప్పటినుంచి సమ్మక్క టిఫిన్ సంచిలో రోజుకో మొక్క షేర్ ఆటో ఎక్కింది. జూన్‌లో వానలు పడగానే మునగ కొమ్మ, ఆ తర్వాత మైదాకు, కల్యామాకు, బంతి, బీర, మూల మూలకూ పుంటికూర. ఏడాది తిరిగేసరికి ఆమె క్వార్టరు పెరడు బోడి అయింది, బడి పెరడు గుబురు కట్టింది. కాలనీలో పక్కింటి మంగతాయి "ఏందక్కా, బిడ్డను అత్తగారింటికి తోలినట్లు ఒక్కొక్క చెట్టును తోలుతున్నవ్?" అని నవ్వేది. సమ్మక్కా నవ్వేది. కానీ మునగ కొమ్మ చిగురు పెట్టిన రోజున ఎవరూ చూడకుండా దాని దగ్గర కూర్చుని బాగా ఏడ్చింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి తన చెట్టు ఇక కదలక్కర్లేని చోటుకి చేరిందని ఆమెకు అంత సంతోషం.

ఇక పాఠాల సంగతి. మాంటిస్సోరి బడిలో పేరు నేర్పడానికి మూడు మెట్లుంటాయి. ఇది ఫలానా అని చెప్పాలి. ఫలానాది ఏదో చూపించమనాలి. ఆఖరున ఇదేమిటి అని అడగాలి. టీచర్లు దీనికోసం శిక్షణ తీసుకుని సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నారు. సమ్మక్క గచ్చు తుడుస్తూ నేర్చేసుకుంది. పిల్లల్ని మొక్కల మధ్య గొంతుకూర్చోబెట్టి "ఇది పుంటికూర. పుంటికూర ఏదీ? మరి ఇదేందీ?" అనేది. మరాఠీ వాళ్లు దాన్ని అంబాడీ అంటారని ఆమెకు తెలుసు. కానీ మొక్కను చూడగానే నోటికి వచ్చేది పుంటికూరే. పిల్లలు పుల్లటి ఆకు నములుతూ, కళ్లు చికిలించి, పుంటికూర పుంటికూర అని ఇళ్లకు పోయేవాళ్లు. ఒక తల్లి తాయికి ఫోన్ చేసి, ఇది ఏ దేశపు ఇంగ్లిషు అని అడిగింది.

ఆ పెరట్లో ఇటుక ముక్కలు, తేమ, నీడ ఉన్నాయి. అవి ఉన్నచోట ఇంకొకటి కూడా ఉంటుందని పల్లెలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. సమ్మక్క రోజూ పొద్దున్నే కర్రతో ఆకులన్నీ తిరగేసేది. ఒకటి రెండుసార్లు కనబడింది కూడా. పట్టి దూరంగా వదిలేసింది. ఆమె అవ్వ చెప్పేది, తేలు వెంటపడి కుట్టదు, తొక్కితేనో తడిమితేనో కుడుతుంది, కనబడితే కదలకు అని. అందుకని సమ్మక్క ఒక ఆట పెట్టింది. మట్టిలో పుల్లతో తేలు బొమ్మ గీసి, తోక పైకెత్తి చూపించింది. తను "తేలు!" అని అరవగానే పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ రాయి అయిపోవాలి. "పోయింది!" అంటేనే మళ్లీ మనుషులు కావాలి. పిల్లలకు ఆ ఆట మీద ఎంత మోజంటే, మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా "మావశీ, తేలు అనవా" అని బతిమాలేవాళ్లు.

స్నేహలత తాయి ఆ ఆట చూసి మురిసిపోయింది. పిల్లల్ని నిశ్శబ్దంగా, నిశ్చలంగా ఉంచే ఆట మాంటిస్సోరి పద్ధతిలోనే ఉంది. అరగంట బతిమాలినా గదిలో నిమిషం కుదురుగా ఉండనివాళ్లు పెరట్లో ఒక్క మాటకు బిగుసుకుపోతున్నారు! మాట ఏమిటో కూడా తాయి విన్నది. మరాఠీలో తేల్ అంటే నూనె. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు పిల్లలు గడ్డకడుతున్నారన్నమాట, ఎంత చక్కటి ఊహ అనుకుంది. అనుకుని ఊరుకుందా? బడి రికార్డులో 'నూనె ఆట' అని రాసింది. వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పిల్లలు ఇళ్లకు వెళ్లి "ఇవాళ తేలు ఆడాం" అంటే, తల్లులు యూనిఫారం మీద నూనె మరకల కోసం వెతికారు.

సమ్మక్కకు ఈ సంగతి అర్థం కావడానికి వారం పట్టింది. అర్థమయ్యాక తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. చెబితే ఏమవుతుంది? పెరట్లో తేళ్లున్నాయా అని తాయి హడలిపోతుంది. పెరటి తలుపుకు తాళం పడుతుంది. నూనె అయితే నూనే అయిందిలే, పిల్లలు కదలకుండా నిలబడటం కదా కావాల్సింది అని మనసుకు సర్దిచెప్పుకుంది. అది తప్పని ఆమెకూ తెలుసు.

ఇలా ఉండగా ఈ మే నెలలో ఒక లారీ వచ్చి, పెరటి మూలన నేల మీద పరిచే సిమెంటు పేవర్లు నాలుగు వరుసలు దించి పోయింది.

అవి పంపించినాయన అనంతరావు. బడి నడిచే ఇల్లు ఆయనదే. మనవరాలు ఓవీ అక్కడే చదువుతోంది. మంచివాడే, కాకపోతే శుభ్రం పిచ్చి. ఓవీ సాక్సుల మీద మట్టి చూసినప్పుడల్లా ఆయనకు తలనొప్పి వచ్చేది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మట్టి సాక్సుల ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే చూసి చూసి, పెరడంతా పేవర్లు పరిపించి, ఒక జారుడుబల్ల పెట్టిస్తానని మాటిచ్చాడు. ఇల్లుగలాయన దానమిస్తానంటే వద్దనడం తాయికి చేతకాలేదు. జులైలో జరిగే పాలక్ సభలో, అంటే తల్లిదండ్రుల సమావేశంలో, అందరూ సరేనంటే ఆ వచ్చే సోమవారమే పని మొదలు.

సమ్మక్క ఆ రోజు ఇంటికి వచ్చి గడపలోనే కూలబడింది.

"ఏమైందే?" అన్నాడు చిన్నయ్య.

"గని బడిదాంక వచ్చింది," అంది.

చిన్నయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చాయ్ పెట్టి తెచ్చిచ్చాడు. ఆయన చాయ్ పెట్టడం అంటే మాటలు కాదు, పెళ్లయ్యాక అది మూడోసారి.

"మునగ కొమ్మ మల్ల కొట్టుకొద్దమా? నా ఒడి ఖాళీనే ఉన్నది గద," అన్నాడు నవ్వించడానికి.

"ఊకో అయ్యా. ఇగ నాతోని కాదు," అని సమ్మక్క ఏడ్చేసింది.

పాలక్ సభ శనివారం పొద్దున. రాత్రంతా కురిసిన వాన వెలిసి, పెరడు కడిగినట్టుంది. పేవర్లు పరిచాక ఎలా ఉంటుందో చూపిస్తానని అనంతరావు అందర్నీ పెరట్లోకే పిలిచాడు. పాతిక మంది తల్లిదండ్రులు చీర కుచ్చిళ్లూ ప్యాంటు అంచులూ ఎత్తిపట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. పిల్లలు చెప్పుల్లేకుండా మొక్కల మధ్య తిరుగుతున్నారు. అనంతరావు తను తెప్పించిన పేవర్ల దొంతర మీదే దర్జాగా కూర్చుని, కుడిచెయ్యి పక్కన ఆన్చి, జారుడుబల్ల ఎక్కడ వస్తుందో ఎడమచేత్తో చూపిస్తున్నాడు.

సమ్మక్క మునగ చెట్టు దగ్గర నిలబడి ఆయన మాటలు వినకూడదనుకుంటూ, ఆయన చేతి వైపు చూస్తోంది. అప్పుడు కనబడింది. దొంతరలో రెండు పేవర్ల సందులోంచి, ఆయన చిటికెన వేలికి జానెడు దూరంలో, తోక ఎత్తుకుని నల్లగా ఒకటి బయటికి వస్తోంది.

ముప్పై రెండేళ్లుగా ఆమె బజారులో మరాఠీ, ఆఫీసులో హిందీ మాట్లాడుతోంది. కానీ ఆ క్షణంలో ఆ భాషలేవీ అక్కరకు రాలేదు.

"తేలు! తేలు!" అని అరిచింది.

పిల్లలు రాళ్లయిపోయారు. ఒకడు వంగినవాడు వంగినట్టే, ఒకతె ఎత్తిన కాలు ఎత్తినట్టే. నీళ్ల క్యాను పట్టుకున్న పిల్ల చేతిలో క్యాను కూడా బిగుసుకుంది.

పెద్దవాళ్లేం చేశారు? చప్పట్లు కొట్టారు. స్నేహలత తాయి మొహం వెలిగిపోయింది. "చూశారా, నేను చెప్పలేదా? ఇదే మా నూనె ఆట! కొబ్బరినూనెలా ఎలా గడ్డకట్టారో చూడండి!" అంది. ఒకాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. "వాహ్, మావశీ, వాహ్!" అంటూ అనంతరావు కూడా చప్పట్లకోసం కుడిచెయ్యి కదిలించబోయాడు.

"ఆజోబా, హలూ నకా!"

తాతా, కదలొద్దు అని ఆ మాట. అన్నది ఓవీ. తాత చేతి వైపు చూస్తూనే రాయి అయిపోయింది కనుక తల తిప్పలేదు, పెదవులు మాత్రమే కదిలాయి.

"ఎందుకమ్మా? తేల్ ఎక్కడ ఒలికింది?" అన్నాడు అనంతరావు నవ్వుతూ.

"తేల్ కాదు, తేలు! వించూ! మీ చేతి దగ్గర!" అంది ఓవీ, ఇంత పెద్దాయనకు ఇంత చిన్న మాట రాదా అన్న విసుగుతో.

వించూ అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అనంతరావు కళ్లు మాత్రం కిందికి దించి చూశాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి రాయి అయిపోయాడు. గట్టు మీదివాళ్లు మాత్రం కెవ్వున అరిచి, ఒకరి కాళ్లు ఒకరు తొక్కి, ఇద్దరు బీరపందిరి మీద పడ్డారు.

పిల్లలు గిన్నెలోంచి గిన్నెలోకి పప్పులు పోయడం నేర్చుకునే గాజు గిన్నె ఒకటి అరుగు మీద ఉంది. సమ్మక్క దాన్ని అందుకుని అడుగులో అడుగు వేస్తూ వెళ్లి, ఆ నల్లదాని మీద బోర్లించింది. కిందికి ఒక అట్ట జరిపింది. ఎత్తి, నేల మీద పెట్టింది. అప్పుడు దాని పక్కనే కూర్చుంది.

పిల్లలు కదలట్లేదు. అనంతరావూ కదలట్లేదు.

"మావశీ," అంది ఓవీ బతిమాలుతూ, "పోయింది అను. నా కాలు నొప్పెడుతోంది."

"పోయింది," అంది సమ్మక్క.

పిల్లలు ఒక్కసారిగా మనుషులై గిన్నె చుట్టూ మూగారు. అనంతరావు కూడా అప్పుడే చెయ్యి తీశాడు.

తాయి దగ్గరికి వచ్చింది. మొహంలో రక్తం లేదు. "మావశీ, ఇన్నాళ్లూ తేలు అంటే వించూనా?"

"అవును తాయీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పెరడు మూసేస్తారని. నా చెట్లు మూడుసార్లు ఊడాయి తాయీ, ఇంకోసారి చూడలేననుకున్నాను. పిల్లలకు మాత్రం అన్నీ చెప్పాను. మీకు చెప్పకపోవడం తప్పే." సమ్మక్క తల దించుకోలేదు, కళ్లు మాత్రం నిండిపోయాయి.

బీరపందిరిలోంచి లేచిన తల్లి ఒకావిడ చీర దులుపుకుంటూ, "అందుకే మేం మొత్తుకునేది. తేళ్లు, పాములు! రేపే పేవర్లు పరిచేయండి," అంది. నలుగురైదుగురు అవునవునన్నారు. సమ్మక్క మునగ చెట్టు వైపు చూసింది. అయిపోయిందనుకుంది.

అనంతరావు లేచి నిలబడ్డాడు.

"బాయీ, ఆ తేలు మొక్కల్లోంచి రాలేదు. నేను తెప్పించిన పేవర్లలోంచి వచ్చింది. రెండు నెలలుగా వాటిని తిరగేసినవాళ్లు లేరు. ఇంకో మాట. ఈ పెరట్లో నలభై ఇద్దరు పిల్లలున్నారు, ఒక్కడు కదలలేదు. మనం పాతిక మంది పెద్దవాళ్లం, ఒక్కరం బుద్ధిగా నిలబడలేదు." ఓవీ బురద పాదాల వైపు చూసి, జేబురుమాలు తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "పేవర్లు నా ఇంటి ముందు వేయించుకుంటాను. ఇక్కడొద్దు."

ఆ మాటకు సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడుపు ఆపడానికో నవ్వు ఆపడానికో ఆమెకే తెలియదు.

తాయి చీవాట్లు మాత్రం తప్పలేదు, సోమవారం గదిలోకి పిలిచి గట్టిగానే పెట్టింది. పిల్లల విషయం ఏదీ దాచకూడదంది. ఇప్పుడు ఒక టీచరూ సమ్మక్కా కలిసి పొద్దున్నే పెరడంతా కర్రతో తిరగేస్తారు. ఇటుక ముక్కలన్నీ ఏరేశారు. బడి రికార్డులో 'నూనె ఆట' కొట్టేసి ఏం రాయాలో తేలక, తాయి 'తేలు' అనే రాసింది. ఆ రాతను సమ్మక్కకు చదివి వినిపించింది కూడా, ఎందుకంటే సమ్మక్కకు ఏ భాషలోనూ చదవడం రాదు. మొక్కల ముందు చెక్క ముక్కలు పాతారు. ఒకవైపు మరాఠీ పేరు, రెండోవైపు మరాఠీ అక్షరాల్లోనే తెలుగు పేరు. ఇప్పుడు ఓవీ సమ్మక్కను గొంతుకూర్చోబెట్టి అక్షరాల మీద వేలు పెట్టి అడుగుతుంది, ఇది పుం. పుం ఏదీ? మరి ఇదేందీ?

దసరాకు వారం ముందు కాలనీకి లారీ వచ్చింది. మంచాలు, బీరువా, డ్రమ్ములు అన్నీ ఎక్కించాక, చిన్నయ్య అలవాటు కొద్దీ ముందు సీట్లో కూర్చుని రెండు చేతులూ చాపాడు.

"మునగ కొమ్మ ఇయ్యవే."

"ఏ కొమ్మనయ్యా? గది పోయి రెండేండ్లాయె. మర్సినవా?"

చిన్నయ్య తన ఖాళీ ఒళ్లోకి చూసుకుని నవ్వాడు. "మరి నువ్వన్న ఎక్కు."

సమ్మక్క వెనక్కి తిరిగి పెరడు చూసింది. పొడి మట్టి, రెండు గుంతలు, ఎవరిదో పిల్లి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. టిఫిన్ సంచి భుజాన వేసుకుని షేర్ ఆటోకు చెయ్యెత్తింది.

"నువ్వు పోయి సామాను దింపుకో," అంది. "మునగచెట్టు పూతకొచ్చింది. పిల్లలకు సూపియ్యాలె."